సెమినార్ పేపర్‌ని ఉన్నదున్నట్టు అచ్చు వేయొద్దు

ప్రశ్న: మా యూనివర్సిటీలో విద్యార్థులే నడిపే అకడమిక్ పత్రికకి ఈ ఏడాది నన్ను ఎడిటర్‌ని చేశారు. 38 వ్యాసాలు వచ్చాయి. దాదాపు అన్నీ క్లాసులో ఇచ్చిన సెమినార్ పేపర్లే. మా సబ్జెక్ట్ దాన్నయిన నాకే రెండు పేజీలు దాటడం కష్టంగా ఉంది, వేరే డిపార్ట్‌మెంట్ వాళ్లు ఎలా చదువుతారు? పైగా రాసినవాళ్లలో సగం మంది నా స్నేహితులు. వద్దని చెప్పాలంటే టెన్షన్‌గా ఉంది. ఏం చేయమంటారు?

జవాబు: ముందు ఒక్కమాట, ఆ పేపర్లు చెడ్డవని అనుకోకండి. సెమినార్ పేపర్‌ని చదివేది ఒక్కరే, ఆ సార్ లేదా మేడమ్. వాళ్లకి విషయం రాసినవాళ్లకంటే ఎక్కువ తెలుసు, బాగున్నా బాగోకపోయినా చివరిదాకా చదివి మార్కులు వేయాలి. పత్రిక చదివేవాళ్లకి విషయం తెలియదు, నచ్చకపోతే పేజీ తిప్పేస్తారు. అంటే మీ దగ్గరున్నవి వేరే పాఠకుడి కోసం రాసినవి, అంతే. వాటిని మీ పాఠకుడి వైపు తిప్పడమే మీ పని. అట్ట డిజైన్, రంగులు అన్నీ దాని తర్వాతే.

ఎలా తిప్పాలంటే, రాసినవాళ్లని పక్కన కూర్చోబెట్టుకుని పేపర్ మూసేయించండి. "నువ్వు కనిపెట్టిందేంటో ఐదు నిమిషాల్లో చెప్పు" అనండి. మొదట్లో పేపర్‌లో ఉన్న భాషే మాట్లాడతారు, కాస్త ఆగండి, మూడో నిమిషానికో నాలుగో నిమిషానికో "అసలు నాకు వింతగా అనిపించిందేంటంటే" అని మొదలుపెడతారు చూడండి, ఆ మాట రాసుకోండి. వ్యాసం అక్కడ మొదలవ్వాలి. పేపర్‌లో అది తొమ్మిదో పేజీలో ఎక్కడో ఉంటుంది, దానికి ముందు ఆరు పేజీలు ఇంతకుముందు ఎవరెవరు ఏమన్నారో ఉంటుంది. ఆ ఆరు పేజీలూ ఒక పేరాకి రావాలి. 4,000 మాటల పేపర్ 1,500 మాటలకి దిగినా నష్టం లేదు. రెఫరెన్సులు మాత్రం తీసేయకండి, చదివినవాళ్లు వెళ్లి సరిచూసుకోగలగాలి, అకడమిక్ పత్రిక అన్న పేరు అందుకే కదా.

ఇంకో సంగతి, మీరే కూర్చుని తిరగరాయకండి. చదువుకునే రోజుల్లో నేనూ ఇలాంటి పత్రికకి రెండేళ్లు పనిచేశాను. మొదటి సంచికలో టైమ్ లేదని ఒకతని వ్యాసాన్ని మొత్తం నా మాటల్లో రాసి, అతని పేరుతో వేసేశాను. చూసి "బాగుంది, కానీ ఇది నేను రాసింది కాదు" అన్నాడు. మళ్లీ ఎప్పుడూ మాకు రాయలేదు. ఆ బాధ నాకు ఇప్పటికీ ఉంది. అందుకే చెప్తున్నాను, మార్జిన్‌లో ప్రశ్నలు రాసి పంపండి. "ఇది నీకెలా తెలిసింది?", "ఈ పదం ఫిజిక్స్ వాళ్లకి అర్థమవుతుందా?", "ఇక్కడ నీ అభిప్రాయం ఏది, పుస్తకంలోది ఏది?" ఇలాంటివి. దిద్దుకోవడం వాళ్లే నేర్చుకుంటారు. నా దృష్టిలో విద్యార్థి పత్రిక వల్ల జరిగే అతి పెద్ద మేలు అదే.

ఇక స్నేహితుల విషయం. ప్రతి వ్యాసం మీద పేరు తీసేసి ఇద్దరికి ఇవ్వండి, ఆ సబ్జెక్ట్ వాళ్లొకరు, బయటివాళ్లొకరు. మొదటివాళ్లు తప్పులు చూస్తారు, రెండోవాళ్లు ఎక్కడ అర్థం కాలేదో చెప్తారు. ఎవరు చదివారన్నది రాసినవాళ్లకి తెలియకూడదు. ఆ ఇద్దరి మాటలూ జతచేసి, తీసుకుంటున్నాం, దిద్దితే తీసుకుంటాం, ఈసారికి కుదరదు, ఈ మూడింటిలో ఏదో ఒకటి చెప్పిన తేదీకల్లా పంపండి. వద్దన్నదానికీ కారణం స్పష్టంగా రాయండి. స్నేహాన్ని చెడగొట్టేది ఆ "వద్దు" కాదు, నెలల తరబడి జవాబు రాకపోవడం. విద్యార్థులం మనమెవరం తీర్పు చెప్పడానికి అని కూడా అనుకోకండి, అమెరికాలో 1887లో మొదలైన న్యాయశాస్త్ర పత్రిక హార్వర్డ్ లా రివ్యూని ఇప్పటికీ విద్యార్థులే ఎడిట్ చేస్తున్నారు.

ప్రశ్న: ఒక వ్యాసాన్ని కాపీ పట్టే సాఫ్ట్‌వేర్‌లో పెడితే 30 శాతం పోలిక చూపించింది. కాపీ అని తిప్పి పంపొచ్చా?

జవాబు: ఆ అంకె ఒక్కటే చూసి పంపకండి. కొటేషన్లు, చివర ఉన్న రెఫరెన్సుల పట్టిక కూడా అందులో లెక్కకొచ్చి ఉండొచ్చు. రిపోర్ట్ తెరిచి రంగు పడిన వాక్యాల్ని ఒక్కొక్కటే చూడండి. 5 శాతమే వచ్చినా అది ఎవరిదో ఒక పేరా మొత్తం అయితే అది కాపీనే. మాటలు మార్చి ఆలోచన ఎత్తేస్తే ఆ సాఫ్ట్‌వేర్‌కి దొరక్కపోవచ్చు కూడా. ఏం తేలినా ముందు రాసినవాళ్లని పిలిచి విడిగా అడగండి, చాలామందికి ఎలా ఉటంకించాలో ఎవరూ నేర్పి ఉండరు.

ప్రశ్న: నా పరిశోధన మా యూనివర్సిటీ పత్రికలో వేసుకుంటే తర్వాత జర్నల్‌కి పంపడానికి అడ్డొస్తుందా?

జవాబు: రావచ్చు. చాలా జర్నల్స్ ఎక్కడా అచ్చుకాని పేపర్లనే తీసుకుంటాయి. కాబట్టి పూర్తి ఫలితాలు, పట్టికలు దాచుకుని, ఆ ప్రశ్న మీకెలా తట్టింది, ఎలా పని చేశారు అన్నది మామూలు పాఠకుడికి అర్థమయ్యేలా రాయండి. మీరు పంపాలనుకుంటున్న జర్నల్ నియమాలు ముందే చదవండి. గైడ్‌కీ, కలిసి పనిచేసినవాళ్లకీ చెప్పకుండా మాత్రం ఇవ్వకండి. కాపీరైట్ మీ దగ్గరే ఉంటుందని ఎడిటర్ల చేత రాతపూర్వకంగా రాయించుకోండి.

ప్రశ్న: 30 పేజీల ఫైల్ ఇస్తే ప్రెస్ వాళ్లు కుదరదన్నారు, ఫొటోలు కూడా మసకగా వస్తాయట. కంప్యూటర్‌లో బాగానే ఉన్నాయి కదా?

జవాబు: మధ్యలో పిన్ను కొట్టే పుస్తకంలో ఒక కాగితం మడిస్తే 4 పేజీలు అవుతాయి, అందుకే మొత్తం 28 కావాలి లేదా 32. ఫొటోకి అంగుళానికి 300 చుక్కలు కావాలి, అంటే 10 సెంటీమీటర్ల వెడల్పుకి సుమారు 1,180 పిక్సెల్స్. నెట్‌లో దొరికిన చిన్న బొమ్మని సాగదీస్తే కొత్తగా వివరం రాదు, పైగా అనుమతి లేకుండా వాడితే అదో తలనొప్పి. మీ విద్యార్థులు తీసిన ఫొటోలే వాళ్లనడిగి, పేరు వేసి వాడుకోండి. రంగు అంచుదాకా వెళ్లే పేజీల్లో చుట్టూ 3 మిల్లీమీటర్లు ఎక్కువ ఇవ్వండి, కోతలో పోతుంది. అన్నీ అచ్చుకి ఇచ్చేముందు ఒక్క కాపీ కాగితం మీద తీయించి, రాసినవాళ్ల పేర్లు ఒక్కొక్కటే పైకి చదవండి. మిగిలిన రెండు పేజీలకి ఏం వేయాలా అని వెతక్కండి, వచ్చే సంచికకి వ్యాసాలు ఎలా పంపాలో, చివరి తేదీ ఎప్పుడో అక్కడ వేయండి.