సమాధానం: ఫెచ్ కొట్టినా కొత్త బ్రాంచ్ రావట్లేదు

తమ్ముడూ, కోడ్ మార్పుల చరిత్రను దాచే గిట్‌లో, పర్లాకిమిడి నుంచి ఎన్నిసార్లు ఫెచ్ (సర్వర్‌లోని కొత్త మార్పులు తెచ్చే కమాండ్) కొట్టినా మీవాళ్లు పెట్టిన 'బిల్లింగ్' బ్రాంచ్ (కోడ్‌లో విడిగా నడిచే పాయ) రావట్లేదన్నావు. ఫోన్ డేటా మిగులుతుందని డెప్త్ 1తో, అంటే చివరి మార్పు మాత్రమే వచ్చేలా, క్లోన్ (ప్రాజెక్టు కాపీ) చేశానని చివర్లో ఓ మాట అన్నావు చూడు, తిరకాసంతా అక్కడే.

డెప్త్ ఇస్తే గిట్ పాత చరిత్రను వదిలేయడమే కాదు, ఒక్క బ్రాంచ్‌నే తెస్తుంది. ఇకపైనా దాన్నే తెమ్మని కాన్ఫిగ్‌లో (సెట్టింగుల ఫైల్లో) రాసేసుకుంటుంది. కావాలంటే చూడు:

గిట్ కాన్ఫిగ్ --గెట్-ఆల్ రిమోట్.ఆరిజిన్.ఫెచ్

వచ్చిన లైన్లో నక్షత్రం గుర్తు ఉండాల్సిన చోట 'మెయిన్' అని ఉంటుంది. దాన్ని ఇలా మార్చు:

గిట్ రిమోట్ సెట్-బ్రాంచెస్ ఆరిజిన్ '*'
గిట్ ఫెచ్ --డెప్త్ 1
గిట్ స్విచ్ బిల్లింగ్

నక్షత్రం చుట్టూ కోట్స్ మరిచిపోకు. స్విచ్ 2019లో వచ్చిన గిట్ 2.23 వెర్షన్ నుంచే ఉంది, నీది అంతకన్నా పాతదైతే చెకౌట్ వాడు.

ఫెచ్ అంటే పాతపట్నం నుంచి సరుకు తెచ్చి గుమ్మంలో దించడమే. డబ్బాల్లో పోసేది, అంటే నీ ఫైళ్లలో కలిపేది, మెర్జ్. పుల్ రెండూ చేస్తుంది. అందుకే ఫెచ్ ఎన్నిసార్లు కొట్టినా నీ ఫైళ్లకేం కాదు, టెన్షన్ పడకు.

ఒక్క చిక్కుంది. ఇలా తెచ్చిన బ్రాంచ్‌ని మెయిన్‌లో కలపబోతే చరిత్రలకు సంబంధం లేదని గిట్ మొండికేస్తుంది. ఇక్కడ రాయగడలో వాన కురిసే రాత్రి, సిగ్నల్ ఒక్క గీత ఉన్నప్పుడే నాకూ అలా జరిగింది. అప్పుడు గిట్ ఫెచ్ --అన్‌షాలో కొడితే సరిపోతుంది. మొత్తం చరిత్ర దిగుతుంది కాబట్టి వైఫై ఉన్నచోట కొట్టుకో.