లాగిన్‌కు 200 వస్తున్నా క్రాలర్ మళ్లీ లాగిన్ పేజీకే వెళ్తోందా?

అన్నా, ఆదోని పత్తి రేట్ల కోసం రాసిన పైథాన్ క్రాలర్‌కు (పేజీలను తనంతట తానే తెచ్చే ప్రోగ్రామ్) లాగిన్‌లో 200 ('సరే' అని సర్వర్ చెప్పే కోడ్) వస్తోంది, రేట్ల పేజీ అడిగితే మాత్రం మళ్లీ లాగిన్ పేజీయే వస్తోంది అన్నారు కదా. ముందు ఆ 200ని నమ్మొద్దు. పాస్‌వర్డ్ తప్పయినా చాలా సైట్లు అదే పేజీని 200తో తిరిగి పంపుతాయి. వచ్చిన పేజీలో 'లాగౌట్' అనే మాట ఉందో లేదో వెతికించండి.

మీరు పెట్టిన కోడ్‌లో పోస్ట్ (వివరాలు పంపడం), గెట్ (పేజీ తెచ్చుకోవడం) రెండూ నేరుగా రిక్వెస్ట్స్ లైబ్రరీ మీదే విడివిడిగా పిలిచారు. అందుకే మొదటిదానికి వచ్చిన కుకీ (మీరు లాగిన్ అయ్యారని సైట్ గుర్తుపట్టే చీటీ) రెండోదానికి అందట్లేదు. కుకీలను గుర్తుంచుకునే ఒక సెషన్ తెరిచి రెండూ దాని మీదే నడపండి. పోస్ట్ చేసే ముందు అదే సెషన్‌తో లాగిన్ పేజీని ఒకసారి గెట్ చేయండి. ఫారమ్‌లో హిడెన్ ఫీల్డ్‌గా సీఎస్ఆర్ఎఫ్ టోకెన్ (ఫారమ్ తన పేజీ నుంచే వచ్చిందని సైట్ సరిచూసుకునే కోడ్) ఉంటే దాన్ని తీసి, యూజర్‌నేమ్, పాస్‌వర్డ్‌తో పాటు పంపాలి. నూటికి తొంభైపాళ్లు మీ తలనొప్పి ఇక్కడే తీరుతుంది.

టైమౌట్ (జవాబు కోసం ఎంతసేపు ఆగాలనే హద్దు) కూడా మీరు పెట్టలేదు. రిక్వెస్ట్స్‌లో మనం చెప్పకపోతే టైమౌట్ ఉండదు. కర్నూలులో ఒక రాత్రి నెట్ మధ్యలో ఆగి, నా క్రాలర్ తెల్లారేదాకా అదే లైన్ మీద కూర్చుంది! కనెక్ట్‌కు 5 సెకన్లు, రీడ్‌కు 30 ఇవ్వండి. 429 ('మరీ ఎక్కువసార్లు అడుగుతున్నారు' అనే కోడ్) వస్తే, జవాబుతో పాటు వచ్చే రిట్రై-ఆఫ్టర్ హెడర్ చెప్పినంతసేపు ఆగండి.

అన్నట్టు, పాస్‌వర్డ్ కోడ్‌లోనే కనిపిస్తోంది. వెంటనే మార్చేసి, కోడ్ బయట ఉండే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌లో పెట్టుకోండి.