‘బెడావర్న్’ మూలం వెతికేటప్పుడు

చిరంజీవి అమ్మాయికి ఆశీస్సులు.

విచారం వెలిబుచ్చే జర్మన్ క్రియ ‘బెడావర్న్’ గురించి నువ్వు పంపిన వ్యాసం చదివాను. ‘కొనసాగడం’ అనే అర్థమున్న ‘డావర్న్’కు ముందు ‘బె’ చేరి, మనసులో చాలాకాలం నిలిచే బాధ అనే అర్థం వచ్చిందని తేల్చావు. ఊహ ముచ్చటగానే ఉంది కాని నిలవదు. కొనసాగే ‘డావర్న్’ లాటిన్‌లోని ‘డూరారే’ నుంచి వచ్చింది. విచారానికి చెందిన ‘డావర్న్’ పుట్టుకతోనే జర్మన్ మాట. రెండింటి రూపమూ నేడు ఒకటే కావడం కేవలం కాకతాళీయం.

అందుచేత, నేటి వర్ణక్రమాన్ని నమ్మకుండా ముందుగా మధ్యయుగపు రూపాన్ని పట్టుకో. సుమారు 1050 నుంచి 1350 వరకు వాడుకలో ఉన్న మధ్య ఉన్నత జర్మన్‌లో ఈ క్రియ ‘బెటూరెన్’. దానికి ‘మరీ ఖరీదుగా తోచడం’ అని అర్థం. ఇందులోని ‘టూరెన్’, ఖరీదైనదని చెప్పే ‘ట్యూరె’, ఒకే కుటుంబానివి. ఆనాటి దీర్ఘ ‘ఊ’ తర్వాత ‘ఔ’గా మారిందనీ (‘హూస్’ నేటి ‘హౌస్’, అంటే ఇల్లు), ‘యూ’ ‘ఓయ్’గా మారిందనీ గుర్తుంచుకుంటే, మొదటిది ‘డావర్న్’గా, రెండవది ‘టోయర్’గా ఎందుకు విడిపోయాయో నీకే బోధపడుతుంది. ‘టోయర్’ అంటే ఖరీదైనదీ, ఇష్టమైనదీ కూడా. మన ‘ప్రియం’ వంటిదే అన్నమాట. పోగొట్టుకున్నది ప్రియంగా తోచడం దగ్గర మొదలై, అర్థం క్రమంగా జాలికీ విచారానికీ చేరింది.

పాత ప్రయోగాల కోసం గ్రిమ్ సోదరుల నిఘంటువు తెరువు. 1854లో వెలువడిన మొదటి సంపుటంలోనే ఈ మాట దొరుకుతుంది. అయితే వ్యుత్పత్తి విషయంలో అక్కడే ఆగిపోకుండా, జర్మన్ మాటల పుట్టుకలు చెప్పే, 1883లో తొలిసారి అచ్చయిన క్లూగె నిఘంటువు ఇటీవలి కూర్పుతో సరిచూసుకో. కథల వల్ల గ్రిమ్ పేరు మీద మనకు అభిమానం ఎక్కువే కాని, శాస్త్రం అక్కడి నుంచి చాలా దూరం వచ్చింది.

వాడుక గురించి కూడా ఒక పేరా చేర్చు. ఉద్యోగ దరఖాస్తును తిరస్కరించే సంస్థ ‘బెడావర్న్’ అని రాస్తే, తప్పు తనదని ఒప్పుకున్నట్టు కాదు. మనిషిని కర్మగా పెట్టి వాడితే ఈ క్రియకు అతనిపై జాలిపడడమనే అర్థం కూడా వస్తుంది. తాను చేసిన పనికి పశ్చాత్తాపపడితే ‘బెరోయన్’ అంటారు. దాని మూలం వేరు, దుఃఖమని అర్థమిచ్చే పాత నామవాచకం; ఆ రెండింటినీ ఒకే శీర్షిక కింద కలపకు.

ఇట్లు,
మీ పెదనాన్న