రోబోలో గాలి ఎక్కడ పోతోంది?

ప్రశ్న: మా కాలేజీ రోబో చేయి గాలి సిలిండర్‌తో పనిచేస్తుంది. ట్యాంకులో 6 బార్ పీడనంతో గాలి నింపి ఉంచితే పావుగంటలో 4కు పడిపోతోంది. రాణీగంజ్‌లో కొన్న ఫిట్టింగులు కొత్తవే, టెఫ్లాన్ టేపు కూడా దట్టంగా చుట్టాం. లోపం ఎక్కడుంది?
– ఇంజనీరింగ్ విద్యార్థిని, ఉప్పల్

జవాబు: ముందుగా ట్యూబు కొసలను చూడండి. కత్తెరతో కోస్తే పాలియురెథేన్ ట్యూబు నొక్కుకుపోయి ఏటవాలుగా తెగుతుంది. అలాంటి కొసను ఫిట్టింగులోకి ఎంత నెట్టినా లోపలి రబ్బరు రింగు దాని చుట్టూ సమంగా పట్టదు. ట్యూబు కట్టర్‌తో నిటారుగా కోసి, ఆగేదాకా తోసి, ఒకసారి వెనక్కి లాగి చూడాలి. గీతలు పడిన కొసను కోసి పారేయడానికి వెనుకాడకండి.

ట్యాంకు అమెరికా కిట్టులోదైతే నా అసలు అనుమానం థ్రెడ్ల (మరల) మీదే. మన బజారులో ఎక్కువగా దొరికేవి బీఎస్‌పీ (బ్రిటిష్ ప్రమాణపు పైపు థ్రెడ్లు), ఆ కిట్లలో ఉండేవి ఎన్‌పీటీ (అమెరికా ప్రమాణపువి). పావు అంగుళం సైజులో మొదటిదానికి అంగుళానికి 19 చుట్లు, రెండవదానికి 18. మొదటి చుట్లు సులువుగానే ఎక్కి తర్వాత బిగుసుకుంటాయి కనుక సరిపోయిందనే అనిపిస్తుంది, కానీ టేపుతో ఆ తేడా పూడదు. సరైన జతకైనా మొదటి థ్రెడ్డు వదిలి, బిగించే దిశలో టేపు రెండు మూడు చుట్లు చాలు. దట్టంగా చుడితే తెగిన పోగులు వాల్వులో చేరి అదొక కొత్త తలనొప్పి.

ఆ తర్వాత ట్యాంకు దగ్గరి వాల్వు మూసి ట్యాంకు వైపున్న గేజి చూడండి. ముల్లు కదలకపోతే లీకు ఆవలి వైపుంది. అక్కడి ప్రతి అతుకుకూ సబ్బునీళ్లు పూసి బుడగల కోసం చూడండి. దేన్నైనా విప్పేముందు మాత్రం గాలంతా వదిలేయాలి.