క్యాన్సర్ ఉంటే ఐసీయూ దండగేనా?

ప్రశ్న: మావారికి 54 ఏళ్లు. లింఫోమా (లింఫు గ్రంథుల క్యాన్సర్). రెండో కీమో అయ్యాక జ్వరం వచ్చి, బీపీ పడిపోయి ఐసీయూలో ఉంచారు. కోలుకున్నారు. త్వరలో మూడో కీమో. "మళ్లీ అలాగైతే ఐసీయూ వద్దు, క్యాన్సర్ మనిషికి అంత ఖర్చు దండగ" అంటున్నారు మా బావగారు. ఏం చేయాలి?
- ఒక సోదరి, ఖమ్మం

జవాబు: అమ్మా, ఐసీయూ బిల్లుకి పొలాలు అమ్ముకున్నవాళ్లను చూశాను కాబట్టి మీ బావగారి భయం నాకు అర్థమవుతుంది. కానీ మీవారి విషయంలో ఆయన మాట ఒప్పుకోను. కీమో తర్వాత వారం, రెండు వారాల్లో తెల్ల రక్తకణాలు బాగా పడిపోతాయి. వాటిలో ఇన్ఫెక్షన్‌తో పోరాడే న్యూట్రోఫిల్స్ 500 కంటే తగ్గితే మన పేగుల్లో ఉండే బ్యాక్టీరియా కూడా రక్తంలోకి చేరి ప్రాణం మీదికి తెస్తుంది. ఇది నయమయ్యే ఇన్ఫెక్షన్. కణాలు మళ్లీ పెరుగుతాయి. పైగా లింఫోమాల్లో చాలావరకు కీమోకి లొంగుతాయి. ఒకప్పుడు ఇలాంటివాళ్లకు వెంటిలేటర్ పెట్టడానికి డాక్టర్లే వెనకాడేవారు. ఇప్పుడు బతికి బయటపడేవాళ్లు బాగా పెరిగారు.

అసలు ఐసీయూ దాకా రాకుండా చూసుకోవడం మీ చేతుల్లో కొంత ఉంది. జ్వరం ఒక్కసారి 101 తాకినా, 100.4 గంటసేపు నిలిచినా పారాసిటమాల్ వేసి తెల్లారేదాకా ఆగొద్దు. క్యాజువాలిటీలో ముందు "కీమో పేషెంట్, జ్వరం" అని చెప్పండి. గంటలోపు యాంటీబయాటిక్ పడాలి. హైదరాబాద్ చేరేదాకా ఆగకుండా మొదటి డోసు ఖమ్మంలోనే ఇచ్చేలా మీ ఆంకాలజిస్టు(క్యాన్సర్ డాక్టర్)తో ఇప్పుడే చీటీ రాయించి పెట్టుకోండి.

ఐసీయూలో చేరాల్సి వస్తే మొదటి రోజే "ఎన్నాళ్లు చూద్దాం?" అని అడగండి. మా ఐసీయూ డాక్టర్లం ఐదారు రోజులు లోటు లేకుండా వైద్యం చేసి చూస్తాం. బీపీ నిలబెట్టే మందు అవసరం తగ్గుతోందా, మూత్రం వస్తోందా, ఆక్సిజన్ తక్కువ సరిపోతోందా అని గమనిస్తాం. అవయవాలు ఒక్కొక్కటిగా దెబ్బతింటుంటే, లేదా క్యాన్సర్ ఇక ఏ మందుకీ లొంగని దశలో ఉంటే, అప్పుడు మీ బావగారి మాటే నేనూ అంటాను. అయితే సొంత పూచీ మీద సంతకం పెట్టి, ఆయాసపడుతున్న మనిషిని అంబులెన్స్‌లో ఇంటికి తీసుకెళ్లొద్దు. యంత్రాలు తీసేసినా, నొప్పీ ఆయాసం తెలియకుండా చూసే పాలియేటివ్ వైద్యం ఇవ్వమని అడగండి.

మీ ఉత్తరంలో మీవారి మాట ఎక్కడా లేదమ్మా. ముందు ఆయన్ని అడగండి. ఇష్టమైతే లివింగ్ విల్ (కోలుకునే ఆశ లేనప్పుడు ఏ వైద్యం వద్దో ముందే రాసిపెట్టే పత్రం) రాయవచ్చు. 2018లో సుప్రీంకోర్టు దాన్ని అనుమతించింది, 2023లో పద్ధతి సులువు చేసింది: ఇద్దరు సాక్షులు, నోటరీ లేదా గెజిటెడ్ అధికారి సంతకం చాలు. మూడో కీమోకి వెళ్లేటప్పుడు మీ బావగారిని కూడా ఆంకాలజిస్టు దగ్గర కూర్చోబెట్టండి.