బాబుకి నయమైందన్నారు, నా భయమే తగ్గలేదు

ప్రశ్న: మా బాబుకి మూడేళ్లు. ఆరు నెలల క్రితం బ్యాక్టీరియా వల్ల మెనింజైటిస్, అదే మెదడు చుట్టూ ఉండే పొరల వాపు, వచ్చింది. రెండు వారాలు ఆసుపత్రిలో ఉన్నాం. స్కాన్ బాగానే ఉంది, భయం లేదని పంపేశారు. కానీ వాడు మునుపటిలా లేడు. పిలిస్తే ఒక్కోసారి పలకడు. చిన్నదానికే బొమ్మలు విసిరికొడతాడు. సాయంత్రానికి వాలిపోతాడు. ఏమైనా మర్చిపోతున్నాడేమోనని రోజంతా రంగులూ అంకెలూ అడుగుతూనే ఉంటాను. ‘అన్నీ నీ అనుమానాలే, పిల్లాణ్ని వదిలెయ్’ అంటారు మావారు. నాదే తప్పా?

జవాబు: ఆయన చెప్పిందాంట్లో సగం నిజముంది. రంగులూ అంకెలూ అడగడం మానేయండి. గమనించడం మాత్రం మానకండి.

మీ ఉత్తరంలో ‘పిలిస్తే ఒక్కోసారి పలకడు’ అన్న దగ్గర ఆగిపోయాను. దాన్ని మొండితనం కింద కొట్టిపారేయొద్దు. ఈ జబ్బు తర్వాత పిల్లల్లో ఎక్కువగా కనిపించే నష్టాల్లో వినికిడి లోపం ముఖ్యమైనది. అందుకే డిశ్చార్జికి ముందు గానీ, తర్వాత 4 వారాల్లోపు గానీ వినికిడి పరీక్ష చేయించాలంటారు. మీరు స్కాన్ సంగతి రాశారు, ఈ పరీక్ష ఊసే లేదు. చేయించకపోతే ఈ వారమే అడగండి. వెనకనుంచి చప్పట్లు కొడితే తిరిగాడుగా అనుకుంటే చాలదు. ఒక్క చెవితోనే ఇల్లంతా నెట్టుకొచ్చే పిల్లలుంటారు. ఈ జబ్బు తర్వాత కొందరికి లోపలి చెవిలో ఎముక పెరిగి దారి పూడుకుపోతుంది. వినికిడి బాగా తగ్గి కాక్లియర్ ఇంప్లాంట్ (ఆపరేషన్ చేసి లోపలి చెవిలో అమర్చే వినికిడి పరికరం) పెట్టాల్సివస్తే అప్పుడు కష్టమవుతుంది. తొందరపెడుతున్నది అందుకే.

ఇక స్కాన్. అది మెదడు ఎలా ఉందో చూపిస్తుంది, రేపు ఎలా పనిచేస్తుందో పూర్తిగా చెప్పలేదు. కుదురుగా కూర్చోవడం, కోపాన్ని ఆపుకోవడం, ఒక పని తర్వాత ఇంకో పని గుర్తుపెట్టుకుని చేయడం, వీటిని చూసుకునే మెదడు ముందు భాగం ఇరవై ఏళ్లు దాటాక కూడా ఎదుగుతూనే ఉంటుంది. మూడేళ్లవాణ్ని ఆ పనులు ఎవరూ పెద్దగా అడగరు కాబట్టి లోటున్నా బయటపడదు. బడిలో పడ్డాక, చదువు బరువెక్కాక తెలియొచ్చు. మీవాడికి అలా అవుతుందని కాదు. బడిలో వేసేముందు ఒకసారి, ఆ తర్వాత కూడా అప్పుడప్పుడు ఎదుగుదల పరీక్షలు చేయించండి. ఈ జబ్బు సంగతి టీచరుకి చెప్పండి. చాలామంది దాస్తారు, పిల్లాడికి పేరు పడుతుందని. చివరికి ‘అల్లరివాడు’ అనే పేరు ఎలాగూ పడుతుంది.

ఇంట్లో ఒక నోటుబుక్ పెట్టుకోండి. వారానికి పది నిమిషాలు చాలు. ‘పోయిన నెల డబ్బా మూత రాక నా చేతికిచ్చాడు, ఇవాళ తనే తిప్పాడు.’ ఇలా రాయండి. వాణ్ని వాడితోనే పోల్చండి, పక్కింటి పిల్లాడితో వద్దు. బొమ్మలు విసిరేది ఏ వేళకో కూడా రాయండి. సాయంత్రమే ఎక్కువైతే అది అలసట కావచ్చు, ఇలాంటి జబ్బుల తర్వాత మామూలే. మధ్యాహ్నం కాసేపు పడుకోబెట్టి చూడండి. ఫోన్లో నిమిషం వీడియో ఉంటే డాక్టరుకి మరీ మంచిది.

వచ్చిన మాట పోయినా, నడక తడబడినా ఆగకుండా డాక్టరుకి చూపించండి. ఫిట్స్ వచ్చినా, వాంతులు ఆగకపోయినా, లేపినా లేవకుండా మగతగా ఉన్నా వెంటనే ఎమర్జెన్సీకి తీసుకెళ్లండి.

మిగతా వేళంతా ఆటే. వాడు కారు తోస్తుంటే ‘ఇదేం రంగు?’ అనకండి. ‘అబ్బో, కారు వెళ్లిపోయింది!’ అని ఊరుకోండి. మనసులో ఐదు లెక్కపెట్టండి. జవాబుకి వాడికి ఆ మాత్రం వ్యవధి కావాలి.

మీవారి మీద నాకు కోపం లేదు. ఆ రెండు వారాలు ఆయనా ఆసుపత్రిలో గడిపిన మనిషే కదా, ‘నయమైంది’ అన్న మాటని గట్టిగా పట్టుకున్నారు. వినికిడి పరీక్షకి ఆయన్నే తీసుకెళ్లమనండి. నోటుబుక్కులో వారం విడిచి వారం ఆయన్ని రాయమనండి. ఆ వారం మీరు కాస్త నిద్రపోండి.