కుక్కపిల్లల వ్యాపారం పెడతానన్న బుజ్జికి

బుజ్జీ,

రాజాంలో లాబ్రడార్లను పెంచి, పిల్లల్ని పెట్టించి అమ్ముతానంటున్నావని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. సంతోషపడ్డానమ్మా. మన ఇంట్లో మూగజీవాల ఒంటి మీద చెయ్యేసి వాటి బాధ కనిపెట్టగలిగేది నువ్వే. కానీ ఒక్కో పిల్లకి ఇంత, ఎనిమిది పిల్లలకి ఇంత అని లెక్క కూడా కట్టేశావట. అది విన్నాక నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు. పశువుల ఆసుపత్రిలో కాంపౌండరుగా బతుకంతా గడిపినవాణ్ణి. ఆ లెక్కలో ఏం లేవో నాకు తెలుసు.

చట్టం సంగతి ముందు చెప్పేస్తాను. 2017లో కేంద్రం కుక్కల బ్రీడింగ్‌కి నిబంధనలు పెట్టింది. రాష్ట్ర జంతు సంక్షేమ బోర్డులో రిజిస్టర్ చేయించుకోవాలి. తల్లికి 18 నెలలు నిండాలి, 8 ఏళ్లు దాటకూడదు. ఏడాదికి ఒక్క ఈతే, జీవితం మొత్తంలో 5 ఈతలే. 8 వారాలు నిండని పిల్లని అమ్మకూడదు. జాతికుక్కల్ని నమోదు చేసే కెన్నెల్ క్లబ్ ఆఫ్ ఇండియా కాగితాలు ఉంటేనే జాతికుక్క అని చెప్పు.

18 నెలలు చాలన్నా నువ్వు ఆగు. లాబ్రడార్లకి తుంటి కీలు జబ్బు తల్లిదండ్రుల నుంచి వస్తుంది. రెండేళ్లు నిండాక ఆడదానికీ మగదానికీ తుంటి ఎక్స్‌రే తీయించు, చూలు పోగొట్టే బ్రూసెల్లా అంటురోగానికి రక్తపరీక్ష చేయించు. బాగా పరిగెడుతోంది కదా, ఎక్స్‌రే ఎందుకు అంటారు. ఆ నొప్పి చాలాసార్లు పిల్ల కొనుక్కున్న వాళ్లింట్లో, అది పెద్దయ్యాక బయటపడుతుంది. అప్పటికి డబ్బు నీ చేతికి వచ్చి ఉంటుంది, కుంటేది మాత్రం ఆ కుక్క.

జత కలిపినందుకు మగకుక్క వాళ్లకి డబ్బో, ఒక పిల్లో ఇవ్వాలి. పాలిచ్చే తల్లి మామూలుకి రెండు మూడింతలు తింటుంది. పిల్లలకి రెండో వారం నుంచి పురుగుల మందు, ఆరో వారం దాటాక పార్వో, డిస్టెంపర్ అనే ప్రాణం తీసే రోగాలకి టీకాలు, మళ్లీ బూస్టర్లు. ఆపరేషన్ చేసి పిల్లల్ని తీయాల్సి వస్తే ఆ ఈతలో లాభం మాట మర్చిపో. అమ్ముడుపోని పిల్ల మూడు నెలలది అయిందంటే తిండీ టీకాలూ నీ నెత్తినే. అయినా డబ్బు ఖర్చు గురించి నాకంత బెంగ లేదు, నువ్వు సర్దుకోగలవు.

ఇప్పుడు రాసేది మీ నాన్ననడిగే రాస్తున్నాను. చిన్నప్పుడు కుక్కపిల్ల కొనమని నువ్వు ఎంత ఏడ్చినా ఆయన కొనలేదు, గుర్తుందా? పెళ్లికి ముందు మీ నాన్న తెల్ల పమేరియన్‌ని పెంచాడు. పేరు రాణి. అది చూలుతో ఉన్నన్నాళ్లూ, పిల్లల ఎముకలు గట్టిగా ఉండాలని, రోజూ అన్నంలో కాల్షియం టానిక్ కలిపి పెట్టాడు. ప్రేమతోనే చేశాడు. కానీ చూలు మీద కాల్షియం అలా పోస్తూ ఉంటే ఒళ్లు తన ఎముకల్లోంచి తీసుకోవడం మర్చిపోతుంది. ఈనాక పిల్లలు పాలు లాగే రోజుల్లో ఒక్కసారిగా అవసరం పెరిగి, రక్తంలో కాల్షియం పడిపోతుంది.

ఈనిన మూడో వారంలో ఒక సాయంత్రం రాణి పిల్లల దగ్గర నిలవలేదు. రొప్పుతూ గదంతా తిరిగింది. కాళ్లు బిగదీసుకుపోయాయి, మూతి అదిరింది, పడిపోయి కొట్టుకుంది, నోట నురగ వచ్చింది. చుట్టుపక్కల వాళ్లు పిచ్చెక్కింది, దగ్గరికి పోకండి అన్నారు. ఇంట్లో చిన్నపిల్లలున్నారు. మీ నాన్న దాన్ని కొట్టుగదిలోకి నెట్టి గొళ్లెం పెట్టాడు. నేనా రాత్రి ఇచ్ఛాపురంలో డ్యూటీలో ఉన్నాను, మా ఇళ్లలో అప్పటికి ఫోన్లు లేవు. తెల్లారి తలుపు తీసేసరికి ప్రాణం లేదు. పిచ్చి కాదమ్మా అది. డాక్టరు గుండె చూసుకుంటూ నరంలోకి మెల్లగా కాల్షియం ఎక్కించి ఉంటే బతికేది. నేను వచ్చి ఆ మాట చెప్పినప్పుడు మీ నాన్న నా మొహం చూడలేదు. తర్వాత ఇంక్ ఫిల్లర్‌తో మేకపాలు పట్టి పిల్లల్ని సాకింది ఆయనే. రాత్రంతా రెండేసి గంటలకి లేచేవాడు. ఆ పిల్లలు బతికాయి, కానీ మీ నాన్న మళ్లీ కుక్కని పెంచలేదు.

అందుకే, డాక్టరు చెప్పనిదే చూలు కుక్కకి ఏ టానిక్కూ పట్టకు. పాలిచ్చే తల్లి వణికితే, కాళ్లు బిగిస్తే, ఎంత రాత్రయినా పిల్లల్ని విడదీసి డాక్టరు దగ్గరికి పరిగెత్తు. గరివిడి పశువైద్య కళాశాల మీకు అందే దూరంలోనే ఉంది. రాత్రివేళ ఎవరు దొరుకుతారో అక్కడా, మీ ఊళ్లోనూ ముందే కనుక్కో. ఈ పని చెయ్యకుండా కుక్కని మగదానితో కట్టించావంటే నీతో మాట్లాడను.

చూలు సుమారు 63 రోజులు. ఆగస్టులో కట్టిస్తే అక్టోబరులో ఈనుతుంది. 2014లో హుద్‌హుద్, 2018లో తిత్లీ తుఫాన్లు, రెండూ అక్టోబరులోనే వచ్చాయి. కరెంటు పోయి రోజుల తరబడి రాలేదు. అప్పుడే పుట్టిన పిల్ల తన ఒంటి వేడి తాను నిలుపుకోలేదు, రెండు వారాలు బయటి వెచ్చదనమే దిక్కు. అప్పుడు ఎదకొస్తే ఆ హీట్ వదిలేసి తర్వాతి దానికి కట్టించు. ఎప్పుడు ఈనినా ఇన్వర్టర్ ఉండాలి. చల్లబడిన పిల్లకి పాలు పట్టకు, ముందు నీ ఒంటికి ఆనించుకుని మెల్లగా వెచ్చబెట్టు.

చివరి వారం పూటపూటకీ ఒంటి వేడి చూసి రాసుకో. 99 డిగ్రీల కిందికి దిగితే ఒక రోజులోపు ఈనుతుంది, ఆ రోజు ఆఫీసుకి సెలవు పెట్టు. అరగంట గట్టిగా ముక్కినా పిల్ల రాకపోయినా, మొదటి పిల్ల కంటే ముందే ఆకుపచ్చని ద్రవం వచ్చినా ఇంట్లో కూర్చోకు.

కొన్నవాళ్లు రేపు పెంచలేమంటే వెనక్కి తీసుకుంటానని రాసిచ్చి అమ్ము. మూడో అంతస్తులో పొద్దున్నుంచి సాయంత్రం దాకా తాళం వేసుకుపోయే వాళ్లకి ఇవ్వకు, ఎంత ఇస్తామన్నా.

ఇంత చదివాక కూడా చెయ్యాలనిపిస్తే చెయ్యి తల్లీ. నువ్వు చెయ్యగలవు. మొదటి ఈతకి నేనొస్తాను, పది రోజుల ముందు కబురు పెట్టు, ఈనే గది పక్కన మడత మంచం వేసి ఉంచు. మీ నాన్నని కూడా రమ్మని నువ్వే అడుగు. నేనడిగితే రానంటున్నాడు.

మీ పెద్దనాన్న
టెక్కలి